పడ్డవాడికి చప్పట్లు చాలవు

పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాడని మన పెద్దవాళ్లు అన్నారు. మాట పడ్డవాణ్ణి ఉద్దేశించి అన్నారు గాని, సైకిలు మీంచి పడ్డవాడికి కూడా అది వర్తిస్తుందని నా అభిప్రాయం. పందెంలో పడ్డవాడు చేతకానివాడు కాడు. చాలాసార్లు ముందువాడు ఉన్నట్టుండి బ్రేకు నొక్కినందుకు వెనకవాడు పడతాడు. సరే, పడ్డాడు. అప్పుడు మనం, అంటే చూసేవాళ్లం, తోటి ఆటగాళ్లం, పందెం పెట్టినవాళ్లం, ఏం చేస్తాం? లేచి మళ్లీ ఎక్కితే చప్పట్లు కొడతాం. ఎక్కలేకపోతే అయ్యో పాపం అంటాం. ఈ రెండూ కాక చెయ్యవలసింది మూడోది ఒకటుంది. దాన్ని గూర్చి నాలుగు మాటలు చెప్పుకోవాలనే ఈ వ్యాసం.

ముందే మనవి చేస్తున్నాను. నేను డాక్టర్ని కాను. మూడేళ్లుగా కాలేజీ జట్టుతో తెల్లవారుజామున భీమిలి రోడ్డు మీద సైకిలు తొక్కుతున్న మామూలు కుర్రాణ్ణి. దెబ్బల గురించి నాకు తెలిసిన సంగతులు కొన్ని పుస్తకాల్లోవి, కొన్ని డాక్టర్లని విసిగించి అడిగి తెలుసుకున్నవి, మిగతావి తోటివాళ్ల మోకాళ్ల మీదా మోచేతుల మీదా చదివినవి.

మన జట్లలో అన్ని బాధలకీ ఒకటే మందు. దాని పేరు "ఓర్చుకో". తొడలు మండుతున్నాయంటే ఓర్చుకో. మోకాలు సలుపుతోందంటే ఓర్చుకో. చిటికెన వేలు మొద్దుబారిందంటే ఓర్చుకో. పడి తలకి తగిలిందంటే, "ఏం కాలేదురా, ఎక్కు ఎక్కు, గుంపు వెళ్లిపోతోంది!" ఇంతకీ ఈ నాలుగూ ఒకటే రకం బాధలా? కావు. మొదటిది పని చేసినందుకు వచ్చే నొప్పి. నడిమి రెండూ సైకిలు ఒంటికి సరిపడనందుకు వచ్చేవి. నాలుగోది దెబ్బ. మొదటిదాన్ని ఓర్చుకోవాలి. రెండోరకాన్ని సరిచేసుకోవాలి. మూడోరకానికి ఆగిపోవాలి. ఈ తేడా తెలియకుండా ఓర్పు ఒక్కటే నేర్పితే అది ఆట నేర్పడం కాదని నా వాదన.

బాధ పడేవాణ్ణి చూసి మెచ్చుకునే గుణం మనలో కొత్తగా పుట్టింది కాదు. వెనకటి తరంవాళ్లని అడగండి. ఊరి సెంటర్లో గుండ్రంగా కర్రలు పాతి, రంగుకాగితాల తోరణాలు కట్టి, మైకులో సినిమా పాటలు పెట్టి, రాత్రీ పగలూ సైకిలు దిగకుండా రోజుల తరబడి తొక్కేవాళ్ల కథలు చెబుతారు. తిండి సైకిలు మీదే, స్నానం సైకిలు మీదే. కాళ్లు వాచినకొద్దీ జనం పెరిగేవారు. చొక్కాకి రూపాయి నోట్లు గుచ్చేవారు. అతనికి అది పొట్టకూటి విద్య, మనకి వినోదం. ఎనిమిదో రోజున అతని కాళ్లు ఏమయ్యాయో కనుక్కున్నవాళ్లు ఎంతమంది?

దొరల దేశాల్లోనూ ఇదే వరస. 1956లో ఇటలీ దేశపు పెద్ద పందెం 'జీరో'లో ఫియొరెంజో మాన్యీ అనే ఆయన పడి కాలర్‌బోను విరగ్గొట్టుకున్నాడు. దిగిపొమ్మన్నారు, దిగలేదు. ఎడమచేత్తో హ్యాండిల్ పట్టి లాగే ఓపిక లేక, హ్యాండిల్‌కి ట్యూబు ముక్క కట్టి రెండో కొసని పళ్లతో పట్టుకుని కొండెక్కాడు. తర్వాత మళ్లీ పడి భుజం కింది ఎముక కూడా విరగ్గొట్టుకున్నాడు. అయినా ఆఖరికి రెండో స్థానంలో నిలిచాడు. ట్యూబు ముక్క కరిచిపట్టుకున్న ఆ ఫొటో సైకిలు పందేలవాళ్ల ఇళ్లల్లో దేవుడి పటంలాంటిది. నేనూ ఆయనకి దణ్ణం పెడతాను. అయితే ఒక్క సంగతి. ఆయన వృత్తి ఆటగాడు, 35 ఏళ్లవాడు, అదివరకే మూడుసార్లు ఆ పందెం గెలిచినవాడు, తన ఒళ్లు తాను ఎరిగినవాడు. సెకండియర్ చదువుతూ హాస్టలు సాంబారుతో పందేలు తొక్కే పంతొమ్మిదేళ్ల కుర్రాడికి ఆ ఫొటో చూపించి "చూడరా, అదీ మగతనం" అంటే, ఆ కుర్రాడి కాలర్‌బోనుకి పూచీ ఎవరు?

ఇక నొప్పుల సంగతి వరసగా చూద్దాం.

పని చేసినందుకు వచ్చే నొప్పి మంచిదే. చాలాకాలం తర్వాత గట్టిగా తొక్కినప్పుడు మర్నాడు మెట్లు దిగేటప్పుడు తొడలు వద్దు మొర్రో అంటాయి. రెండు కాళ్లకీ సమానంగా ఉంటుంది, కండలో ఉంటుంది, రెండు మూడు రోజుల్లో దానంతట అదే పోతుంది. దీనికి భయపడి మంచం ఎక్కనక్కరలేదు. మెల్లగా ఓ అరగంట తొక్కితే హాయిగా కూడా ఉంటుంది. ఈ నొప్పి దగ్గర "ఓర్చుకో" అన్న మాటకి నూటికి నూరు మార్కులు.

రెండోరకం దగ్గరే మన తెలివి బయటపడుతుంది. చిన్న లెక్క చేద్దాం. నిమిషానికి 90 సార్లు పెడలు తిప్పేవాడి మోకాలు గంటకి 5,400 సార్లు వంగి లేస్తుంది. మూడు గంటలు తొక్కితే 16,200 సార్లు. సీటు అంగుళం కిందికి ఉందనుకోండి. ఒకసారికి అంగుళం తేడా ఏమీ కాదు. 16,200 సార్లకి అదే మోకాలి చిప్ప వెనక నిప్పు. చిప్ప ముందువైపు నొప్పి వస్తుంటే తరచుగా సీటు తగ్గి ఉందని అర్థం. మోకాలి వెనకవైపు లాగుతుంటే సీటు ఎక్కువైందని అర్థం. సీటు మీద కూర్చుని మడమ పెడలు మీద పెట్టి అట్టడుగుకి తిప్పితే కాలు తిన్నగా చాపుకోవాలి; తర్వాత మామూలుగా పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు సుమారు 25 నుంచి 35 డిగ్రీలు వంగి ఉంటుంది. పెద్ద యంత్రాలేమీ అక్కరలేదు. ఒక పానా, ఒక స్నేహితుడు, పది నిమిషాల తీరిక చాలు.

కాని మన కాలేజీల్లో ఏం జరుగుతుంది? జట్టుకి మంచి సైకిళ్లు నాలుగుంటే తొక్కేవాళ్లు ఏడుగురు. ఆరడుగులవాడు దిగాక అయిదడుగుల రెండంగుళాలవాడు ఎక్కుతాడు. సముద్రపు గాలికి సీటు బోల్టు తుప్పుపట్టి తిరగదు. "ఈ పూటకి సర్దుకోరా" అంటారు. ఆ పూట సంవత్సరం అవుతుంది. కుర్రాడు మోకాలికి బామ్ రాస్తాడు, క్రేప్ బ్యాండేజీ చుడతాడు, మాత్ర మింగుతాడు. రోగం బోల్టుది, మందు మోకాలికి! నెలకోసారి బోల్టుకి గ్రీజు పెట్టి, ఎవరి సీటు ఎత్తు ఎంతో గొట్టం మీద రంగుతో గీత గీసి పేరు రాసుకుంటే తీరే బాధ ఇది. సీజను మొదట్లోనే పెద్ద గేర్లు వేసి బలప్రదర్శనలు చెయ్యకుండా ఉంటే ఇంకా మంచిది.

చేతుల సంగతీ అంతే. చాలాసేపు హ్యాండిల్ మీద బరువు మోపితే అరచేతి మొదట్లో చిటికెన వేలి పక్కగా వెళ్లే అల్నార్ నరం నలుగుతుంది. చిటికెన వేలు, దాని పక్కన ఉంగరపు వేలు సగం తిమ్మిరెక్కుతాయి. నిర్లక్ష్యం చేస్తే వేళ్ల పట్టు తగ్గుతుంది, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతుంది. చేతులు ఒకేచోట పెట్టకుండా మార్చుకుంటూ ఉండటం, మెత్తటి గ్లవుసులు, సీటు ముక్కు కిందికి వాలి ఒంటి బరువంతా చేతుల మీద పడకుండా చూసుకోవడం, ఇవే దీనికి చికిత్స. పరీక్షహాల్లో మూడుగంటలు రాయవలసిన చేతులండీ ఇవి!

ఇక ఎవరూ పైకి చెప్పుకోని బాధ ఒకటుంది. సీటు రాపిడికి, చెమటకి, కూర్చునేచోట లేచే కురుపులు, సెగ్గడ్డలు. నవ్వులాటగా ఉంటుంది గాని పడేవాడికి తెలుసు. ఆడపిల్లల జట్టులో ఈ బాధ మరీ మూగబాధ. కోచ్ మగవాడైతే నోరు విప్పరు, సీటేమో మగవాళ్ల కొలతకి కొన్నది. ప్యాడు లాగు కింద మరో లోదుస్తు వేసుకోకపోవడం, తొక్కడం అవగానే మార్చుకుని స్నానం చెయ్యడం, ఉతకని లాగు రెండోరోజు తొడుక్కోకపోవడం, గడ్డని గిల్లకపోవడం: ఇంతే కదా కావలసింది! గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం మన అలవాటు. ఇది చిన్న విషయం అనుకునేవాళ్లకి ఒక్క ఉదాహరణ చెబుతాను. 1987లో స్పెయిన్ దేశపు పెద్ద పందెం 'వుయెల్తా'లో ఐర్లండు వీరుడు షాన్ కెల్లీ అందరికంటే ముందున్నాడు. పందెం ముగియడానికి ఇంకా కొద్ది రోజులే ఉంది. అప్పుడు సీటు దగ్గర లేచిన గడ్డ వల్ల మరి తొక్కలేక దిగిపోయాడు. వచ్చిన విజయాన్ని చేతులారా వదులుకున్నాడని అందరూ విచారించారు. 1988లో అదే మనిషి అదే పందేనికి వచ్చి గెలిచాడు. దిగడం అంటే ఓడడం కాదు అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఇప్పుడు దెబ్బల సంగతి. గుంపులో తొక్కేటప్పుడు ముందువాడి వెనక దాక్కుంటే గాలి బెడద బాగా తగ్గుతుంది, అందుకని అందరం చక్రానికి చక్రం మూరెడు దూరంలో తొక్కుతాం. గంటకి 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 11 మీటర్లు. మనిషికి ప్రమాదం కనిపించి చెయ్యి బ్రేకు నొక్కేలోగా సగం సెకను పోతుంది, అంటే అయిదారు మీటర్లు. మధ్యనున్నది మూరెడే! వెనకవాడి ముందుచక్రం ముందువాడి వెనకచక్రానికి తగిలితే పడేది ఎప్పుడూ వెనకవాడే. ముందువాడు ఏమైందో కూడా తెలియకుండా సాగిపోతాడు. దీనికి తోడు సముద్రపు ఒడ్డున గాలికి రోడ్డెక్కిన ఇసక, మలుపులో పడుకున్న కుక్క, ఎదురుగా వచ్చే ఆటో. ఇవన్నీ మన సొంత ఆస్తులు.

పడ్డవాడికి ముందు అయ్యేది చర్మం దోక్కుపోవడం. తుంటి దగ్గర్నుంచి మోకాలిదాకా, భుజం, మోచెయ్యి. వెంటనే నలుగురు పోగవుతారు. ఒకరు కాఫీపొడి తెమ్మంటారు, ఒకరు పసుపు అద్దమంటారు, ఒకరు ఊదమంటారు. అందరి ప్రేమకీ నమస్కారం. కాని ఆ గాయానికి కావలసింది శుభ్రమైన నీళ్లు, సబ్బు. ఇసకా తారూ పోయేదాకా ధారాళంగా కడగాలి. మంట పుడుతుంది, ఇదిగో, ఇక్కడ ఓర్చుకోవాలి! లోపల మిగిలిన ఇసక చీము పట్టిస్తుంది, పట్టించకపోతే చర్మం కింద నల్లటి మచ్చగా జన్మంతా ఉంటుంది. గాయాన్ని గాలికి వదిలి పెచ్చు కట్టించాలన్న నమ్మకం కూడా పాతబడింది. తేమగా ఉంచి కప్పిన గాయం ఎండబెట్టిన గాయంకంటే త్వరగా మూసుకుంటుందని 1962లోనే జార్జి వింటర్ అనే శాస్త్రజ్ఞుడు పందుల మీద ప్రయోగం చేసి చూపించాడు. కాబట్టి కడిగి, అంటుకోని గుడ్డ వేసి, రోజూ మార్చుకోవాలి. ధనుర్వాతం టీకా వేయించుకుని 5 ఏళ్లు దాటి ఉంటే మట్టి గాయానికి మళ్లీ వేయించుకోవాలి. రోడ్డు మట్టికి మన ధైర్యం తెలియదు.

ఆ తర్వాత ఎముకలు. పడేటప్పుడు ఎవరైనా చెయ్యి చాపుతారు, అది ఒంటి సహజగుణం. ఆ దెబ్బ చేతి మీదుగా భుజానికి ఎక్కి కాలర్‌బోను దగ్గర తేలుతుంది, లేదా భుజమే నేరుగా నేలకి తగులుతుంది. ఇది విరిగితే దాచడం కష్టం, చెయ్యి పైకి లేవదు. తుండుగుడ్డతో చేతిని మెడకి కట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాలి, అంతే. దొంగ ఎముక మరొకటుంది. దాని పేరు స్కాఫాయిడ్. మణికట్టులో పలాస జీడిపప్పు ఆకారంలో ఉంటుంది. బొటనవేలు వెనక్కి చాపితే దాని మొదట్లో చిన్న గుంట పడుతుంది కదా, అక్కడ నొక్కితే నొప్పి ఉంటే అనుమానించవలసిందే. మొదటి ఎక్స్‌రేలో ఇది కనపడకపోవచ్చు. "బెణుకేలే" అని వదిలేస్తారు. దానికి రక్తం చివరివైపు నుంచి వెనక్కి పారే ఏర్పాటు ఉండటం వల్ల విరిగితే అతుక్కోవడం ఆలస్యం, ఒక్కొక్కప్పుడు అతుక్కోదు కూడా. అందుకే డాక్టర్లు అనుమానం మీదనే కట్టు వేసి 10, 14 రోజుల తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీస్తారు. పుత్తూరు కట్టు మీద నమ్మకమున్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. వాళ్లతో పేచీ పెట్టుకోను. ఎముక సంగతి ఎక్స్‌రే తేల్చాకే చెయ్యి ఎవరికైనా అప్పగించమని మాత్రం చెబుతాను.

అన్నిటికంటే ముఖ్యమైంది తల. అయిదడుగుల ఎత్తునుంచి తల నేలకి కొట్టుకుంటే, సైకిలు నిలబడి ఉన్నా సరే, అది గంటకి దాదాపు 20 కిలోమీటర్ల వేగంతో తగిలినట్టు. ఫిజిక్స్ మిత్రులు లెక్కగట్టి చూసుకోవచ్చు. స్పృహ తప్పలేదు కాబట్టి ఏమీ కాలేదనుకోవడం పెద్ద పొరపాటు. మెదడు అదిరిన చాలా సందర్భాల్లో స్పృహ తప్పదు. అడిగిందే అడగడం, ఎన్నో ల్యాపో చెప్పలేకపోవడం, తలనొప్పి, వాంతి, మత్తుగా ఉండటం, నడక తూలడం: ఇవీ గుర్తులు. బాగానే మాట్లాడినవాడు గంటో రెండు గంటలో గడిచాక కుప్పకూలడమూ ఉంది, లోపల రక్తం పేరుకుంటే. కాబట్టి తలకి దెబ్బ తగిలినవాణ్ణి హాస్టలు గదిలో ఒంటరిగా పడుకోబెట్టి తలుపు వేసి రావడం మహాపాపం.

2017లో అమెరికాలో కాలిఫోర్నియా పందెంలో టోమ్స్ స్కుయిన్ష్ అనే లాట్వియా ఆటగాడు దిగుడులో పడ్డాడు. లేచాడు, తూలాడు, మళ్లీ పడ్డాడు, వెనకనుంచి సైకిళ్లు దూసుకొస్తుంటే రోడ్డుకి అడ్డంగా నడిచాడు. సాయం చెయ్యవలసినవాళ్లు అతన్ని మళ్లీ సైకిలు ఎక్కించారు! కాస్త దూరం వెళ్లాక జట్టువాళ్లు వచ్చి ఆపారు. లోకమంతా ఆ సినిమా చూసి ముక్కున వేలేసుకుంది. యు.సి.ఐ. అనే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2020 డిసెంబరులో తల అదురుకి ప్రత్యేకంగా నియమావళి ప్రకటించి 2021 నుంచి అమలు పెట్టింది. అందులో సారాంశం పామరుడికీ అర్థమయ్యేదే: అనుమానం ఉంటే ఆపెయ్. తల అదిరినవాణ్ణే "నీకు బాగుందా?" అని అడిగి, వాడు "బాగుంది" అంటే నమ్మడం, తాగినవాణ్ణే "తాగావా?" అని అడిగి నమ్మడం లాంటిది.

హెల్మెట్ గురించి కూడా ఆటగాళ్లు మొదట్నుంచీ ఎదురు తిరిగినవాళ్లే. 1991లో తప్పనిసరి చెయ్యబోతే ఉక్కపోత అని సమ్మె చేసి వెనక్కి తీయించారు. 2003 మార్చిలో పారిస్-నీస్ పందెంలో కజకిస్తాన్‌కి చెందిన ఆంద్రెయ్ కివిలెవ్ హెల్మెట్ లేకుండా పడి మర్నాడు చనిపోయాడు. ఆ ఏడే నియమం వచ్చింది. చేతులు కాలాక ఆకులు! 2017లో అచ్చయిన ఒక పరిశీలనలో 40 అధ్యయనాలు, 64 వేల మందికి పైగా దెబ్బలు తిన్న సైక్లిస్టుల వివరాలు కలిపి చూస్తే, హెల్మెట్ వల్ల తలకి తీవ్రమైన గాయాలయ్యే అవకాశం సుమారు 69 శాతం తగ్గినట్టు తేలింది. ఒక్కసారి గట్టిగా దెబ్బతిన్న హెల్మెట్ లోపలి తెల్ల నురుగు నలిగిపోతుంది, మళ్లీ పనికిరాదు. పైకి బాగానే ఉందని సీనియరు పడ్డ హెల్మెట్ జూనియరుకి దానం చెయ్యకండి.

మరొక విషాదం ఈమధ్యది. 2024 సెప్టెంబరులో స్విట్జర్లాండులోని జూరిచ్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది. జూనియర్ ఆడపిల్లల పందెంలో, వాన కురుస్తుండగా, ఆ దేశానికే చెందిన 18 ఏళ్ల మ్యూరియెల్ ఫ్యూరెర్ అడవి దారిలో పడింది. తలకి దెబ్బ తగిలింది. చాలాసేపు ఎవరూ గమనించలేదు. మర్నాడు చనిపోయింది. అంత ధనిక దేశంలో, అన్ని కెమెరాల మధ్య, ఒక పిల్ల తక్కువైందని వెంటనే తెలియలేదు. మరి మన పందేల్లో? 2005లో హైదరాబాదులో మొదలైన 108 బండి ఈనాడు ఫోను చేస్తే వస్తుంది. కాని ఫోను చెయ్యాలంటే మనిషి పడ్డాడని ఎవరో ఒకరికి తెలియాలి కదా!

ఇంతా చెప్పాక అసలు ప్రశ్న. కుర్రాళ్లు దెబ్బలు ఎందుకు దాచుకుంటారు? మొండితనం అనుకుంటే సగమే నిజం. మన జట్టులో తొక్కేవాళ్లలో చాలామంది పల్లెటూళ్లనుంచి వచ్చినవాళ్లు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకి వెళ్లిన సర్టిఫికెట్టు వాళ్లకి ఉత్త కాగితం కాదు. స్పోర్ట్స్ కోటాలో సీటో, రైల్వేలోనో సర్వీసెస్‌లోనో ఉద్యోగమో దాని కొస పట్టుకుని వేలాడుతుంటుంది. సెలెక్షన్ ఒక్కరోజు, ఒక్క పందెం. ఆ రోజుకి రెండు వారాల ముందు మణికట్టు నొప్పి అని నోరు విప్పితే పేరు కొట్టేస్తారు, ఆ ఏడాది పోతుంది. అందుకని ఇంట్లో చెప్పడు, కోచ్‌కి చెప్పడు, మాత్ర మింగి తొక్కుతాడు. ఈ పరిస్థితిలో "ఆరోగ్యమే మహాభాగ్యం" అని గోడ మీద రాయడం వల్ల ఏం లాభం? నిజం చెబితే నష్టపోయే ఏర్పాటు మనమే చేసి, నిజం చెప్పలేదని వాడినే తిట్టడం న్యాయమా?

దీనికి రెండు వైపుల నుంచి జవాబులు వస్తాయని తెలుసు. "పడతానని భయపడేవాడు పందేనికి రాకూడదు" అని ఒక పక్షం. భయం వేరు, బుద్ధి వేరు అని వారికి మనవి. పులితో ఆడేవాడు కూడా బోను తలుపు గడియ చూసుకునే లోపలికి వెళతాడు. "ఇంత గొడవ ఉంటే పందేలే మానేద్దాం" అని రెండో పక్షం, వీరు సాధారణంగా సంతకాలు పెట్టే కుర్చీల్లో ఉంటారు. వారి మాట మరీ ప్రమాదం. పందెం మానేస్తే కుర్రాళ్లు తొక్కడం మానరు. హెల్మెట్, లెక్కా, అంబులెన్సూ లేకుండా లారీల మధ్య పందేలు వేసుకుంటారు. హైదరాబాదులో 2023లో ఔటర్ రింగురోడ్డు పక్కన పైన సౌరఫలకాల నీడతో 23 కిలోమీటర్ల సైకిలు దారి వేశారు. అలాంటిది మన ఊళ్లో వచ్చేదాకా మన రోడ్డే మనకి గతి. ఆ రోడ్డు మీదే జాగ్రత్తగా తొక్కడం నేర్చుకోవాలి.

చెయ్యవలసింది కొండలు పిండి కొట్టడం కాదు. హెల్మెట్ లేనివాడికి, రెండు బ్రేకులూ పనిచెయ్యనివాడికి నంబరు ఇవ్వకూడదు. బయల్దేరినవాళ్లు ఎంతమందో, చేరినవాళ్లు ఎంతమందో కాగితం మీద టిక్కు పెట్టుకుంటూ లెక్క చూసే మనిషి ఒకడుండాలి. గుంపు వెనక ఆఖరివాడి వెంట ఒక బండి ఉండాలి. అందులో నీళ్లు, సబ్బు, గాజుగుడ్డ, తుండుగుడ్డ, ఫోను ఉండాలి. పడ్డవాణ్ణి ఆపే అధికారం కెప్టెన్‌కీ కోచ్‌కీ కాక, గెలుపుతో సంబంధం లేని మూడోమనిషికి ఉండాలి. మన ఊళ్లో మెడికల్ కాలేజీ విద్యార్థులకి కొదవలేదు, పిలిస్తే వస్తారు. ఈ ఏర్పాట్లన్నిటికీ అయ్యే ఖర్చు బహుమతి ప్రదానం నాటి షామియానా, పూలదండలు, ముఖ్య అతిథి శాలువా ఖర్చుని మించదని నా నమ్మకం.

అన్నిటికంటే ముందు కావలసింది పైసా ఖర్చులేనిది. సెలెక్షన్‌కి ఒక్కరోజే కాక రెండు పందేలు పెట్టి, డాక్టరు కాగితం తెచ్చినవాడికి రెండోదాంట్లో అవకాశం ఇవ్వడం. వచ్చే ఏడు కొత్తగా వచ్చే విద్యార్థి సంఘంవారికి, మన వ్యాయామ విభాగంవారికి ఇదే నా విన్నపం. పందెం నోటీసు బోర్డుకి ఎక్కించేటప్పుడు తేదీ, దూరం, ప్రవేశ రుసుము, బహుమతుల కింద ఒక్క వాక్యం చేర్చండి: "దెబ్బ తగిలిందని చెప్పుకున్న ఆటగాడి స్థానం పోదు." ప్రిన్సిపాలుగారి సంతకంతో ఆ వాక్యం గోడకెక్కితే, ఎన్ని మోకాళ్లు, ఎన్ని మణికట్లు నోరు విప్పుతాయో చూడండి.